కొసరు బరువు

1997 నవంబరు, మూడో శుక్రవారం. అరకు, అతిథిగృహం, తూర్పు వరండా.

హాజరైనవారు: డాక్టర్ పద్మనాభం, ప్రాజెక్టు పెద్ద. రాఘవరావు, అద్దాల విభాగం. డాక్టర్ వసుంధర, ఆకాశ కాపలా పరికరం. నేను, బరువు లెక్కలు. జీపు డ్రైవరు సింహాచలం సమావేశంలో సభ్యుడు కాడు గాని, వరండా మెట్ల మీదే కూర్చున్నాడు కాబట్టి అన్నీ విన్నాడు.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఈ హాజరు పట్టీ, వాతావరణం, ఎవరెవరు ఏం తిన్నారు, అంతే. చదువుకునే రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. అన్నిటికన్నా ఎక్కువ గుర్తున్న రోజు గురించి అన్నిటికన్నా తక్కువ రాశాను. ఏం జరిగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడైనా పూర్తిగా అర్థమైందని చెప్పలేను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అంతరిక్షం గురించి అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పదగ్గది నా దగ్గర ఈ ఒక్క రోజే ఉంది.

మేం కట్టాలనుకున్నది

చుక్కల నుంచి వచ్చే వెలుగులో మన కంటికి ఆననిది చాలా ఉంది. అందులో ఎక్స్ కిరణాలు ఒక భాగం. పేలిపోయిన నక్షత్రాల నుంచి, పక్క నక్షత్రాన్ని కొంచెం కొంచెంగా పీల్చుకునే చిన్న గుండ్రాళ్ళలాంటి శవనక్షత్రాల నుంచి అవి వస్తాయి. మన గాలి వాటిని నేల దాకా రానివ్వదు. చూడాలంటే గాలి దాటి పైకి పోవాలి. అంటే ఉపగ్రహం కావాలి.

పోయాక కూడా మామూలు అద్దం పనికిరాదు. ఎక్స్ కిరణం అద్దానికి ఎదురుగా తగిలితే అందులో దిగిపోతుంది. చెరువు నీళ్ళ మీద పెంకు విసిరినట్టు, బాగా పక్కవాటంగా తగిలితేనే జారి దారి మళ్ళుతుంది. అందుకని అద్దం పళ్ళెంలా కాక గొట్టంలా ఉంటుంది. బంగారు పూత పూసిన పలచటి రేకుల్ని ఒకదానిలో ఒకటి దూర్చి అమర్చాలి. మన దేశంలో అంతకుముందు ఎవరూ చెయ్యలేదు. ఆ పని రాఘవరావుది.

రెండోది పద్మనాభం గారి పెట్టె. గ్యాసు నింపిన పెద్ద పెట్టె, లోపల సన్నని తీగలు. కిరణం వచ్చి గ్యాసుకు తగిలితే తీగలో చిన్న విద్యుత్తు పుడుతుంది.

మూడోది వసుంధర పరికరం, అన్నిటికన్నా చిన్నది. రాఘవరావు దూరదర్శిని ఆకాశంలో చాలా కొంచెం మేర మాత్రమే చూడగలదు. ఎక్కడో ఒక నక్షత్రం హఠాత్తుగా మండితే దానికి తెలియదు. వసుంధర పరికరం తిరుగుతూ ఆకాశమంతా కాపలా కాస్తుంది. ఫలానా చోట ఏదో మొదలైంది, అటు తిరగండి అని చెబుతుంది. ఆవిడ అప్పటికి పదేళ్ళుగా దాని మీదే ఉంది. పెళ్ళయిన ఏడాదిలోనే మొదలుపెట్టానని, ఇంట్లో దాని పేరు చెబితే సవతిలా చూస్తారని ఒకసారి నవ్వుతూ అంది.

నా పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఇంకా పుట్టని వస్తువుకు బరువు కట్టడం.

తీగల బరువు

నా మొదటి పెద్ద దగ్గర మేం బెలూన్లు ఎగరేసేవాళ్ళం. ఉపగ్రహాలు లేని రోజుల్లో గాలి అంచు దాకా పోవడానికి అదొక్కటే దారి. ఒకసారి పరికరం, బ్యాటరీలు, దాన్ని కిందికి దింపే పారాచూటు గొడుగు అన్నీ లెక్క వేశాం. తీరా వేలాడదీస్తే బెలూను మోయగలిగినదానికన్నా బాగా ఎక్కువ తూగింది. ప్రతి భాగాన్నీ మళ్ళీ తూచాం. భాగాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మేం మరచిపోయింది భాగాలను కలిపే తీగల్ని, వాటి మీద రాసిన జిగురుని, పెట్టెకు పూసిన రంగుని. ఆ ఏడు ఎగరలేదు. గాలులు మారిపోయాయి.

ఆ పెద్ద తిట్టలేదు. "తీగ కూడా వస్తువేనయ్యా" అన్నాడు, అంతే. అయితే ఆ రోజు నుంచి మా అందరికీ ఒక భయం పట్టుకుంది. ఎవరి భాగం వాళ్ళు తూచి, దాని మీద కొంత కలిపి చెప్పడం మొదలుపెట్టాం. దాన్ని మార్జిన్ అంటాం. అది మంచి అలవాటే. లేకపోతే ఏదీ ఎగరదు.

చిక్కు ఎక్కడంటే, అందరూ కలుపుతారు. రేకులు చేసేవాడు కొంత కలుపుతాడు. వాడు అబద్ధం ఆడుతున్నాడేమోనని వాడి పైవాడు కొంత కలుపుతాడు. వాళ్ళిద్దరూ తక్కువ చెప్పారేమోనని నేను కొంత కలుపుతాను. చివరికి కాగితం మీద నిలబడిన ఉపగ్రహంలో సగం లోహం, సగం భయం.

అరకు ఎందుకు

మా ఉపగ్రహం భూమధ్యరేఖకు దగ్గరగా తిరగాలి. లేకపోతే దారిలో విద్యుత్తు కణాలు దట్టంగా ఉన్న చోటు తగులుతుంది, పరికరాలు గుడ్డివవుతాయి. రాకెట్టును అటు మళ్ళించడానికి అయ్యే ఖర్చు బరువులో కోత పడుతుంది. ఆ కోత మేం అనుకున్నదానికన్నా ఎక్కువని ఆ ఏడు తేలింది. నా లెక్క హద్దు దాటిపోయింది. ఎంత దాటిందంటే, చూడబోతే వసుంధర పరికరం ఎంత బరువుంటుందో దాదాపు అంత.

పద్మనాభం గారు నన్ను పిలిచి, "మీ ఊరి వైపు ఫోను మోగని చోటేదైనా ఉందా?" అన్నారు. మాది సాలూరు. అరకులో ఫోను ఒకటే ఉందని, వాన పడితే అదీ చస్తుందని చెప్పాను. "అదే కావాలి" అన్నారు.

ముందు రోజు విశాఖలో రైలెక్కాం. బొర్రా దాకా సొరంగాలు. పద్మనాభం గారు సొరంగం వచ్చినప్పుడల్లా మాట ఆపేవారు, వెలుగులోకి వచ్చాక ఆగిన చోటు నుంచే అందుకునేవారు. "కాబట్టి మనం నిజాయితీగా" అన్నారొకసారి. పెద్ద సొరంగం వచ్చింది. బయటికి వచ్చాక, "మాట్లాడుకుంటే చాలు" అన్నారు. రాఘవరావు కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు.

రైలు దిగేసరికి సాలూరు నుంచి నేను రప్పించిన జీపు స్టేషను బయట నిలబడి ఉంది. అది తోలేవాడే సింహాచలం. మమ్మల్ని అతిథిగృహానికి తీసుకుపోయి, మళ్ళీ కిందికి దింపడం వాడి పని.

సంత

పొద్దుటి సమావేశంలో ఏమీ తేలలేదు. అందరూ వాతావరణం గురించి మాట్లాడారు. మధ్యాహ్నం సంతకు పోదామని సింహాచలం అన్నాడు. కొండ మీది ఊళ్ళ వాళ్ళు అల్లం, పసుపు, రాజ్మా, చీపుర్లు తెచ్చి నేల మీద పోగులు పోసి కూర్చున్నారు. వసుంధర అల్లం ముందు ఆగింది. అమ్మేది ఒక పెద్దావిడ, ముక్కుకు మూడు పోగులు.

రాఘవరావు అడిగాడు. "తూకం లేదా?"

"తూకం సావుకారి కాడుంటది బాబూ. నా కాడ పోగే."

"ఎంతుంటుందో ఎలా తెలుస్తుంది?"

"కళ్ళు లేవేటి?"

సింహాచలం పగలబడి నవ్వాడు. "తగిలిందా బాబూ. ఏటమ్మా, ఈ పోగు మరీ సన్నగుంది. కొసరెయ్యి." ఆవిడ తట్ట వెనక చెయ్యి పెట్టి, అక్కడ విడిగా ఉన్న అల్లంలోంచి రెండు కొమ్ములు తీసి వాడి పోగు మీద వేసింది. వాడు తృప్తిగా సంచి చాచాడు.

వసుంధర బేరం చెయ్యలేదు. ఉన్న పోగు తీసుకుని, ఆవిడ చెప్పినంత ఇచ్చి నడిచింది. వెనక నుంచి కేక వినబడింది.

"ఓ అమ్మా, కొసరు ఒగ్గేసి పోతన్నావేటి? అది నీదే."

"నేను అడగలేదు కదా."

"అడుగుతారనే పోగు సిన్నగా పోత్తాను. నువ్వు అడక్కుండా పోతే నేను మోసం సేసినట్టు కాదేటి?"

వసుంధర వెనక్కి వచ్చి కొసరు తీసుకుంది. తిరిగి వచ్చే దారంతా సింహాచలం, "అడక్కుండా కొనీసినారమ్మా. మిమ్మల్ని మా సాలూరు సంతకి తీసుకెళ్తే బట్టలు కూడా మిగల్చరు" అంటూనే ఉన్నాడు.

సాయంత్రం

దీపాలు పెట్టకముందే మళ్ళీ కూర్చున్నాం. పద్మనాభం గారు కోతి టోపీ పెట్టుకున్నారు. సూటిగా అడిగారు.

"మనం నలుగురమే ఉన్నాం. ఎవరి లెక్కలో ఎంత దాచుకున్నారో చెప్పేయండి."

ఎవరూ మాట్లాడలేదు. ఈ మౌనం ఎందుకో కొత్తవాళ్ళకు చెప్పాలి. ముందు నిజం చెప్పినవాడి దగ్గర ఉన్నది పోతుంది. అది ఇంకొకరి పరికరానికి పోతుంది. రేపు వాడికి నిజంగా అవసరమొస్తే ఎవరూ వెనక్కివ్వరు. కాబట్టి తెలివైనవాడు రెండోవాడుగా చెప్పాలనుకుంటాడు. నలుగురూ తెలివైనవాళ్ళే.

"మీ పెట్టెలో ఎంతుందో ముందు చెప్పండి సార్" అన్నాడు రాఘవరావు.

"నేను పెద్దవాణ్ణి. చివర చెబుతాను."

"పెద్దవాళ్ళు ముందు వడ్డించుకుంటారు కదండీ. చెప్పడం కూడా ముందే చెప్పాలి."

పద్మనాభం గారు టోపీ సరిచేసుకున్నారు. "వసుంధరా, మీరు?"

"నా దగ్గర ఏమీ లేదు సార్. మొదటి రోజున ఎంత చెప్పానో అంతే. కొసరు పక్కన పెట్టుకోవాలని నాకెవరూ చెప్పలేదు. ఇవాళ మధ్యాహ్నమే తెలిసింది."

రాఘవరావు ఆవిడ వైపు చూశాడు. "మార్జిన్ లేకుండా లెక్క ఇచ్చారా? అది ఇంజనీరింగ్ కాదమ్మా."

"దాచుకోవడమా ఇంజనీరింగ్?"

"తెలియనప్పుడు కలుపుకోవడం. రేకులు ఎలా నిలబడతాయో నాకు తెలియదు. రాకెట్టు ఊపుకు గొట్టం తట్టుకుంటుందో లేదో తెలియదు. ఇంతవరకు చేసినవాడు లేడు, ఎవరిని అడగను? నా లెక్కలో ఎంత దాచుకున్నదో, ఎంత అవసరమో నేను కూడా చెప్పలేను."

ఇది నిజం. అందుకే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు అయోమయంగా ఉంటుంది. చేసిన వస్తువైతే తూకం వెయ్యొచ్చు. చెయ్యని వస్తువులో మనిషి జ్ఞానమెంతో భయమెంతో వాడికే తెలియదు. వసుంధర చెప్పినదీ నిజమే. ఆవిడ పరికరం లాంటివి ఆవిడ ముందు రెండు చేసింది, తూచింది. తెలిసిన లెక్క తెలిసినట్టు చెప్పింది. ఇద్దరూ నిజమే చెప్పారు. దెబ్బ మాత్రం ఆవిడకు తగలబోయింది. కోత పెట్టేటప్పుడు తగ్గించడానికి ఏమీ లేనివాళ్ళను మొత్తంగా తీసేస్తారు.

పద్మనాభం గారు చివరికి అన్నారు. "వసుంధరా, ఈసారికి మీది పక్కన పెడదాం. తరవాతి ఉపగ్రహంలో మొదట మీదే."

తరవాతి ఉపగ్రహం లేదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆవిడకూ తెలుసు. "సరే సార్" అని లేచి, శాలువా సర్దుకుని లోపలికి పోయింది.

మెట్ల మీద నుంచి సింహాచలం, "పాపం, ఆ గుంట ఏటీ అడగదు" అన్నాడు, ఎవరికీ కాకుండా. మా వైపు గుంట అంటే చిన్నపిల్ల. ఆవిడకు అప్పటికి నలభై దాటాయి.

నాకు తేలనిది

పద్మనాభం గారు మంచి పెద్ద. కోపం వస్తే తన గదిలోకి పోయి తలుపేసుకునేవారు, ఇంకొకరి మీద చూపించేవారు కాదు. అయినా ఒక మాట చెప్పాలి. ఆయన పెట్టెలో కూడా కొసరు ఉండి తీరాలి. అలాంటి పెట్టెలు ఆయన చాలా చేశారు, ఎంత తూగుతాయో ఆయనకు తెలుసు. ఆ సాయంత్రం చివర చెబుతానన్నారు. చివర కూడా చెప్పలేదు. తీర్పు చెప్పేవాడికి సొంత పెట్టె ఉండకూడదు. ఉంటే ముందు అది తెరవాలి. నేను పనిచేసిన ప్రాజెక్టులన్నిటిలో ఈ తప్పు చూశాను. దిద్దినవాళ్ళను చూడలేదు.

ఈ మాటలు రాసేనాటికి మా ఉపగ్రహం ఇంకా ఎగరలేదు. శుభ్రమైన గదుల్లో, తెల్ల గౌనుల మధ్య పరీక్షలు జరుగుతున్నాయి. నేను రిటైరయ్యాను. వసుంధర పరికరం దాని మీద ఉంది. అవును, ఉంది. నేనే దానికి చోటు రాశాను. కానీ ఆ బరువు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే, లెక్క చూసినవాణ్ణయి ఉండి కూడా చెప్పలేను.

రాఘవరావు గొట్టాన్ని నిజంగా తూకం వేసిన రోజున నేనున్నాను. హద్దు లోపలే ఉంది. అంటే ఆయన దగ్గర కొసరు ఉన్నట్టేనా? అప్పటికి గొట్టం లోహం మారిపోయింది, కార్బన్ నారతో చేసిన పదార్థం వచ్చింది. రేకుల సంఖ్య తగ్గింది. అరకులో మేం మాట్లాడుకున్న గొట్టం ఎప్పుడూ పుట్టనే లేదు. పుట్టని గొట్టంలో ఎంత మిగిలి ఉండేదో ఎవరు తూచగలరు? తూకం వేసే యంత్రం పక్కన నిలబడి నేను రాఘవరావును అడిగాను, "ఆ రోజు మీ దగ్గర నిజంగా ఉందా?" అని. "మీరు ఇంకా అదే ఆలోచిస్తున్నారా" అన్నాడాయన, గ్లవ్సు తీస్తూ. జవాబు అంతే.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇది. మార్జిన్ పెట్టుకోండి. ఎందుకు పెట్టుకున్నారో పక్కన రాసుకోండి, అది తెలియకనా, భయపడా అని. రాస్తే తేలుతుందని హామీ ఇవ్వలేను. ఆ రోజు గురించి నేను ఎన్నిసార్లు రాసినా తేలలేదు.

మర్నాడు ఉదయం

శనివారం. మంచు వరండా దాకా వచ్చింది. వలిసె పూల చేలు పసుపు మరకలా కనబడీ కనబడకుండా ఉన్నాయి. వసుంధర సంచీ అప్పటికే మెట్ల మీద ఉంది. ఆవిడ జీపు పక్కన నిలబడి టీ తాగుతోంది.

రాఘవరావు నా దగ్గరికి వచ్చాడు. జుట్టు దువ్వుకోలేదు.

"అప్పారావు గారూ, నా గొట్టం బరువు తగ్గించి రాసుకోండి."

"ఎంత?"

"ఆవిడ పరికరం ఎంతుంటే అంత."

"గొట్టంలో ఎక్కడ తగ్గుతుంది?"

"చూసుకుంటాను."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"తెలియదన్నాను కదండీ నిన్న."

వరండాలో కుర్చీలో ఉన్న పద్మనాభం గారు గ్లాసు కింద పెట్టారు. "ఈ మాట నిన్ననే చెప్పొచ్చుగా రాఘవా?"

"నిన్న చెబితే ఇంకొంచెం ఉందేమో చూడమనేవారు."

"ఇవాళ అనననుకున్నావా?"

"అంటారు. ఇవాళ మీరు అడిగినా ఇంక నా దగ్గర లేదు. అది మాత్రం తెలుసు."

పద్మనాభం గారు కోప్పడతారనుకున్నాను. నా వైపు తిరిగి, "రాసుకో అప్పారావ్" అన్నారు. నేను రాసుకోవాలా, వద్దనాలా? దేన్ని నమ్మి రాయాలి? ఆయన ముఖం చూశాను, రాఘవరావు ముఖం చూశాను. రాసుకున్నాను.

వసుంధరకు అంతా వినబడింది. టీ గ్లాసు పట్టుకునే మెట్ల దగ్గరికి వచ్చింది. సంతోషించినట్టు లేదు.

"రాఘవరావు గారూ, మీ దగ్గర లేదని తరవాత తేలితే?"

"అప్పుడు మిమ్మల్నే అడుగుతాను."

"నా దగ్గరా లేదు కదండీ."

"అది నాకు నిన్ననే తెలిసింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. కృతజ్ఞత చెప్పుకోవాలో, గొడవపడాలో తెలియనివాళ్ళలా ఉన్నారు.

"బేగి ఎక్కండి బాబూ. ఘాట్లో లారీలు మొదలైపోతే మజ్జాన్నానికి గానీ దిగలేం" అన్నాడు సింహాచలం.

ముందు సీటులో పద్మనాభం గారు ఎక్కారు. మేం ముగ్గురం వెనక. జీపు కదిలిన కాసేపటికి వసుంధర అడిగింది. "గొట్టాన్ని ఉపగ్రహానికి ఎక్కడ బిగిస్తున్నారు? అడుగునా, నడుమునా?"

రాఘవరావు జేబులు తడుముకున్నాడు, కాగితం లేదు. ముందుకు వంగి, మంచు పట్టిన ముందద్దం మూల వేలితో గొట్టం గీశాడు. నడుము దగ్గర రెండు గీతలు పెట్టాడు.

"అక్కడ బిగిస్తే గోడ పలచన చెయ్యలేరు, బరువు తగ్గదు. అడుగుకి దింపండి."

"దింపితే ఊగుతుంది."

"ఎంత ఊగుతుంది?"

"ఏటి బాబూ ఇది, దారి కనపడొద్దా" అంటూ సింహాచలం గుడ్డతో అద్దమంతా తుడిచేశాడు.

"మళ్ళీ గీయండి, ఇటు పక్క అద్దం మీద" అంది వసుంధర.